ఊరికే పీకి చూడకండి!

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! ఊరగాయల పక్కన, ఉతుకుడు చిట్కాల పక్కన, నీళ్ళలో పెరిగే ఆకు మొక్క గురించి ఈవిడ గొడవేమిటని పేజీ తిప్పేయకండి. నేనూ మీలాగే ఇంట్లో ఉండేదాన్నే. ఇంటర్ అవగానే పెళ్ళయి, ధర్మవరం నుంచి హిందూపురం వచ్చి ఇరవై నాలుగేళ్ళయింది. ఇన్నేళ్ళలో నా పేరుతో రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం తప్ప ఇంకేదీ అచ్చు కాలేదు. అయినా ఈ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు. ఎందుకంటే నేను చేసిన తప్పే మీలో ఎంతమంది ఈపాటికి చేస్తూ ఉంటారో!

మా హాలులో టీవీ పక్కన రెండడుగుల పొడవున్న అక్వేరియం ఉంది. చేపల తొట్టి అంటాం మేము. నిండా పోస్తే సుమారు 60 లీటర్లు పడుతుంది. అది నాది కాదు, మా అబ్బాయిది. తొమ్మిదో తరగతిలో వాళ్ళ నాన్నను ఏడిపించి కొనిపించుకున్నాడు. మావారు ఇక్కడి మార్కెట్లో ఒక మండీలో లెక్కలు రాస్తారు. చింతపండూ, బెల్లమూ, మిరపకాయల లెక్కల మధ్య ఈ చేపల లెక్క ఆయనకు అసలు నచ్చలేదు. అయినా ఒక్కగానొక్క కొడుకు, కొన్నారు.

నీళ్ళ సంగతి ఒకటుంది. మా ఊరి నీళ్ళ కష్టం తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. నా పెళ్ళయిన కొత్తలో ట్యాంకరు హారను వినబడితే పొయ్యి మీద పాలు పొంగుతున్నా వదిలేసి బిందెతో పరుగెత్తేదాన్ని. 2016లో పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరుకు హంద్రీ-నీవా కాలువలో కృష్ణ నీళ్ళు వచ్చాయి. ఆ తర్వాత అక్కణ్ణుంచి మా ఊరికి పైపులైను వేశారు. అప్పటి నుంచి కొంచెం ఊపిరాడింది గానీ, ఆ అలవాటు ఒంట్లోంచి పోదు కదా! ఇప్పటికీ బియ్యం కడిగిన నీళ్ళు పారబోయాలంటే చెయ్యి రాదు. అలాంటి ఇంట్లో చేపలకు అద్దాల తొట్టా? “మనకే నీళ్ళు లేవంటే చేపలకు స్నానమా వదినా?” అని పక్కింటావిడ అననే అంది. ఆవిడకు చెప్పిందే మీకూ చెబుతాను. వారానికి తీసేది నాలుగో వంతు, అంటే ఒక్క బిందెడు నీళ్ళు. ఆ బిందె తిన్నగా కరివేపాకు మొదట్లోకి పోతుంది. మా కరివేపాకు చెట్టు చూసి ఆ పక్కింటావిడే రోజూ రెండు రెబ్బలు తుంచుకుపోతుంది!

ఇంటర్ అయ్యాక మా అబ్బాయికి బెంగుళూరులో ఇంజనీరింగు సీటు వచ్చింది. మా ఊరి నుంచి బెంగుళూరు వంద కిలోమీటర్లే. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు. అయినా హాస్టల్లో దింపి వచ్చిన రోజు నాకు అమెరికా పంపినట్టే అయింది. వెళ్తూ వెళ్తూ వాడు చెప్పింది ఒకే మాట: “అమ్మా, నా చేపలు చచ్చిపోకుండా చూసుకో.” తల్లి ఎలా ఉంటుందో అని కాదు, చేపలట!

దీపావళికి వచ్చినప్పుడు బెంగుళూరు శివాజీనగర్‌లో కొన్నానని ఒక మొక్క తెచ్చాడు. నీళ్ళు నింపిన పాలిథిన్ కవరులో పెట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. కత్తి లాంటి ఆకులు, అందుకే ఈ జాతిని స్వోర్డ్ మొక్కలంటారు. అసలు జాతివి దక్షిణ అమెరికాలో, వానాకాలం మునిగి ఎండాకాలం తేలే బురద నేలల్లో పెరుగుతాయి. మావాడు తెచ్చినది మాత్రం అడవిది కాదు, మనుషులు రెండు రకాలను కలిపి సృష్టించిన సంకరం. పేరు ఓజెలాట్. జర్మనీలో హాన్స్ బార్త్ అనే ఆయన తయారు చేశాడు. ఓజెలాట్ అంటే ఆ అమెరికా అడవుల్లో తిరిగే మచ్చల పిల్లి. ఈ ఆకుల మీదా అలాంటి మచ్చలే ఉంటాయి. లేతాకు ఎర్రగా, దాని మీద ముదురు మచ్చలతో వస్తుంది. పెరిగేకొద్దీ పచ్చబడుతుంది. నేను ధర్మవరం ఆడపడుచును కదా, పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన పట్టు గుర్తొచ్చింది. అటు తిప్పితే ఎరుపు, ఇటు తిప్పితే ఆకుపచ్చ. తొట్టి మధ్యలో ఇసుకలో నాటి, “దీన్ని కూడా చూసుకో” అని వాడు వెళ్ళిపోయాడు.

వారం తిరగకుండానే ఆకులు పాడవడం మొదలైంది. ముందు అంచులు పసుపు రంగుకు మారాయి. తర్వాత ఉడికిన బచ్చలాకులా గాజుబారి, ముట్టుకుంటే చేతికి జారిపోయాయి. ఏడాకుల్లో నాలుగు పోయాయి. నాకు గుండెలో రాయి పడింది. వాడేమంటాడో అన్న భయం ఒకటి, మొదటిసారి నాకప్పగించింది నేనే చంపేశానన్న బాధ ఒకటి.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? చెయ్యి పెట్టి మొక్కను పైకి పీకి వేళ్ళు చూశాను. తెల్లగానే ఉన్నాయి. మళ్ళీ గుచ్చాను. మూడు రోజులాగి మళ్ళీ పీకి చూశాను. ఆ వారంలోనే ఇంకోసారి. మూడోసారి పీకినప్పుడు కొన్ని లేత వేళ్ళు తెగి చేతికొచ్చాయి. బలం చాలదేమో అనుకుని, గులాబీ కుండీకి వేసే వర్మీకంపోస్టు గుప్పెడు తెచ్చి ఇసుకలో కుక్కాను. తెల్లారేసరికి నీళ్ళు కషాయం రంగు, రెండు గప్పీ చేపలు పైకి తేలి ఉన్నాయి. చేపలున్న తొట్టిలో అలాంటి ఎరువు వేస్తే కుళ్ళి అమోనియా పుడుతుందని, అది చేపలకు విషమని నాకప్పుడు తెలియదు. ఆ రెండింటినీ కరివేపాకు కింద పాతిపెట్టి, వాడికి మాత్రం చెప్పలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ రోజుల్లోనే మావాడికి రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసేదాన్ని. లేచావా? తిన్నావా? క్లాసుకు పోయావా? ఇంటర్నల్ పరీక్షలో ఎన్నొచ్చాయి? పక్క గదివాడికెన్ని? మొదట్లో చెప్పేవాడు. తర్వాత “ఆఁ, ఊఁ” అనేవాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఎత్తకపోతే వాడి స్నేహితుడికి చేసేదాన్ని. సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తే చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టుంది. ఓళిగలు చేస్తే ఒక్కటి తిని లేచాడు. తొట్టి వంక చూశాడు. మూడాకుల మోడు. “చచ్చిపోయిందా అమ్మా?” అన్నాడు. “లేదురా, బతికే ఉంది” అన్నాను గానీ నా గొంతులో నాకే నమ్మకం లేదు.

మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చాయి. మూడు సబ్జెక్టులు పోయాయి. వాడు చెప్పలేదు, వాడి స్నేహితుడి తల్లి చెప్పింది. పదో తరగతిలో స్కూలుకు రెండోవాడిగా వచ్చిన పిల్లవాడు! ఆ రాత్రి ఫోన్లో ఏమేం అన్నానో ఇక్కడ రాయను, మీరూ తల్లులే కాబట్టి ఊహించుకోగలరు. మండీలో మీ నాన్న నడుము విరిగేలా కూర్చుని పంపే డబ్బులన్నాను. అంతా విని వాడు మెల్లగా, “అమ్మా, నువ్వు ఫోన్ చేస్తే నాకు భయమేస్తోంది” అని పెట్టేశాడు.

ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. పేపరు తెరిస్తే హాస్టల్ పిల్లల వార్తలు. తెరవాలంటే భయం, తెరవకుండా ఉండలేను. మావారు మాత్రం ఏమీ మాట్లాడలేదు. ఆదివారం పొద్దున్నే లేచి, వేయించిన శనగపప్పుల పొడి, చెనిక్కాయల పొడి రెండు డబ్బాలు సంచిలో పెట్టించుకుని రైలెక్కి బెంగుళూరు వెళ్ళి వచ్చారు. “ఏమడిగారు? ఏం చెప్పాడు?” అని గుమ్మంలోనే నిలదీశాను. “ఏమీ అడగలేదు. హోటల్లో దోశె తిన్నాం. వాడి గదిలో కాసేపు పడుకున్నా. వాడు కూడా పక్కన పడుకున్నాడు. వచ్చేశా” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అడక్కుండా రావడానికి అంత దూరం వెళ్ళాలా అని!

మొక్క చచ్చిందనే అనుకుని, వాడికి తెలియకుండా అలాంటిదే ఇంకొకటి కొని పెడదామని మా ఊళ్ళో అక్వేరియం సామాన్లమ్మే ఒక భాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన అమ్ముకుంటే డబ్బులొచ్చేవి. కానీ అమ్మకుండా నన్నే ప్రశ్నలడిగాడు.

“వేరు ఎట్లుందమ్మా?”

“తెల్లగానే ఉంది.”

“నడిమి మొవ్వ? గట్టిగా ఉందా, మెత్తగా అయిందా?”

“గట్టిగానే ఉంది.”

“అయితే అది బతికే ఉంది. కొత్తది నేను అమ్మను. మీరు పోయి దాన్ని దాని మానాన వదిలెయ్యండి” అన్నాడు.

అప్పుడాయన చెప్పిన సంగతి వింటే మీరూ ఆశ్చర్యపోతారు. ఈ మొక్కల్ని నర్సరీల్లో చాలామంది నీళ్ళలో ముంచి పెంచరట. వేళ్ళు మాత్రమే తడిలో, ఆకులు గాలిలో. అలా అయితే త్వరగా ఏపుగా పెరుగుతాయి. గాలిలో పుట్టిన ఆకు ఎండిపోకుండా పైన మైనం లాంటి పొర గట్టిగా ఉంటుంది. అది గాలిలో బతకడానికి తయారైన ఆకు. దాన్ని తెచ్చి నిలువునా నీళ్ళలో ముంచితే పని చేయలేదు, కరిగిపోతుంది. అది రోగం కాదు. ఆ మొక్క లోపల నీళ్ళలో బతకగలిగే వేరే రకం ఆకుల్ని, పల్చగా, మెత్తగా ఉండేవాటిని తయారు చేసుకుంటుంది. అందుకు కొన్ని వారాలు పడుతుంది. ఆ కొన్ని వారాలూ పాత ఆకులు పోతూ ఉంటాయి, కొత్తవి ఇంకా రావు. చూసేవాళ్ళకు మోడులా ఉంటుంది. “అప్పుడే అందరూ పీకి పారేస్తారమ్మా. లేకుంటే పీకి పీకి చూసి చంపుతారు” అన్నాడు భాయ్. నేను తల దించుకున్నాను.

ఆ వారమే మా అమ్మకు ఒంట్లో బాగాలేదంటే ధర్మవరం వెళ్ళాను. మాది మగ్గం ఇల్లు. నాన్న పోయాక కూడా తమ్ముడు గుంట మగ్గం మీదే నేస్తున్నాడు. రాత్రి అమ్మ పక్కన పడుకుని మొక్క సంగతీ, మనవడి సంగతీ కలిపే చెప్పుకుని ఏడ్చాను. అమ్మ నాలుగో తరగతి కూడా చదవలేదు. ఆవిడ అన్నది ఇది: “ఏమ్మే, పోగు తెగిందేమోనని గడియకోసారి పడుగు మీద చెయ్యి పెట్టి చూస్తారా ఎవురన్నా? తెగని పోగు గూడా చెయ్యి తగిలి తెగుతుంది. నీ చేతిలో ఉండేది నాడె. అది ఆడిస్తా ఉండు. చీర దానంతట అదే ముందుకొస్తుంది.”

అమ్మ నిద్రపోయింది. నేను చాలాసేపు పోలేదు. మావారు బెంగుళూరు వెళ్ళి ఏమీ అడక్కుండా దోశె తినిపించి వచ్చారే, అది నాడె ఆడించడమేనని అప్పుడు తట్టింది.

ఇంటికొచ్చి రెండు పనులు మొదలుపెట్టాను. మొదటిది మొక్క పని. స్వోర్డ్ మొక్క ఆకులతో కాదు, ముఖ్యంగా వేళ్ళతో తింటుంది. నీళ్ళలో మందు కలిపితే కొంతే లాభం, బలం వేరు దగ్గరే పెట్టాలి. దానికి ఇనుము ఎక్కువ కావాలి. మన అనంతపురం సీమలో ఎర్రమట్టికి కొదవా? ఆ ఎరుపు ఇనుముదే. ఎరువులూ, పురుగుమందులూ తగలని చోట, పైమట్టి తీసేసి లోపలి మట్టి తెచ్చాను. జల్లెడ పట్టి, సంగటి ముద్ద కలిపినంత గట్టిగా నీళ్ళతో కలిపి, రేగిపండంత ఉండలు చేసి, వడియాల్లా నాలుగు రోజులు నీడన ఆరబెట్టాను. గట్టిపడ్డాక మొక్కకు కొంచెం ఎడంగా, చుట్టూ మూడు చోట్ల, ఇసుకలో వేలంత లోతున ఒక్కొక్కటి గుచ్చాను. ఆ తర్వాత చెయ్యి తొట్టిలో పెట్టలేదు. పెట్టబుద్ధయినప్పుడల్లా పోయి కరివేపాకుకు నీళ్ళు పోశాను. ఆ నెల మా కరివేపాకు ఎంత తాగిందో!

రెండో పని ఫోన్ పని. రోజుకు ఒక్కసారే, రాత్రి తొమ్మిదిన్నరకు. మార్కుల మాట ఎత్తనని మావారి ముందు ఒట్టేసుకున్నాను. మరి ఏం మాట్లాడాలి? నిజంగా చెబుతున్నాను, మార్కులూ తిండీ తీసేస్తే నా కొడుకుతో మాట్లాడటానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు! అందుకని మొక్క గురించి మాట్లాడాను. వర్మీకంపోస్టు వేసి రెండు గప్పీలను చంపానని కూడా ఒప్పుకున్నాను. వాడు నవ్వాడు. ఎన్ని నెలలకు విన్నానో ఆ నవ్వు! “అమ్మా, నువ్వు గులాబీ ఎరువు చేపలకు పెట్టావా?” అన్నాడు. తప్పు వాడిది కాక నాదైన మొదటి సంభాషణ అది.

మట్టి ఉండలు పెట్టిన పంతొమ్మిదో రోజు, పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని తొట్టి ముందు కూర్చుంటే, మొవ్వలోంచి సూది మొనంత ఎర్రటిది కనిపించింది. కళ్ళజోడు తెచ్చుకుని చూశాను. చుట్టుకుని ఉన్న లేతాకు. మచ్చలు కూడా ఉన్నాయి! మొబైల్‌లో ఫోటో తీసి పంపాను. రోజూ పది దాటాక లేచేవాడు, ఆ రోజు ఏడింటికే “సూపర్ అమ్మా” అని జవాబిచ్చాడు.

ఆ తర్వాతి సెలవుకు ఇంటికొచ్చినప్పుడు, నేనేమీ అడక్కుండానే, తొట్టి ముందు కూర్చుని వాడే చెప్పాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్లో పుస్తకం ఇంగ్లీషే అయినా చెప్పేది తెలుగులో. అక్కడ క్లాసులో అంతా గబగబా ఇంగ్లీషు, బయట కన్నడం, హిందీ. మొదటి రెండు నెలలు సారు చెప్పేదే అర్థం కాలేదట. అడిగితే నవ్వుతారేమోనని అడగలేదట. “నాకు రాదు అనిపించిందమ్మా. ఇక్కడ వచ్చింది అక్కడ పని చెయ్యలేదు” అన్నాడు.

నేనేం మాట్లాడలేదు. మొక్క వంక చూశాను. వాడు బద్ధకస్తుడు కాలేదు, చెడిపోలేదు. గాలిలో పెరిగిన ఆకుల్ని నీళ్ళలో ముంచాం, అంతే. నేనేమో రోజుకు నాలుగుసార్లు పీకి వేరు చూశాను.

ఆ తర్వాత వాడు కాలేజీలో ఒక సారును అడిగి సాయంత్రాలు చెప్పించుకున్నాడు. పోయిన మూడింటిలో రెండు తర్వాతి పరీక్షల్లో పాసయ్యాడు. మూడోది గణితం, ఇంకోసారి తప్పి, ఆ తర్వాత గానీ గట్టెక్కలేదు. ఫస్టు ర్యాంకు వచ్చిందని రాస్తే ఈ కథ బాగుంటుంది గానీ, రాలేదు. వాడు అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు, ఫోన్ ఎత్తుతున్నాడు. నాకది చాలు.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే తప్పుగా అర్థం చేసుకుంటారు. పీకి చూడకండి అంటే పట్టించుకోవద్దని కాదు. మొవ్వ మెత్తబడి వాసన వస్తే, వేళ్ళు నల్లగా కుళ్ళితే, అప్పుడు చేతులు కట్టుకు కూర్చోకూడదు. పిల్లలు బొత్తిగా తిండీ నిద్రా మానేసినా, బతకాలని లేదన్న మాట నోట వచ్చినా, ఫోన్లు పక్కన పెట్టి ఆ పూటే రైలెక్కాలి. డాక్టరుకు చూపించాలి. ఎదురుచూడటం వేరు, కళ్ళు మూసుకోవడం వేరు.

సరే, ఈ మొక్క మీరూ పెంచాలనుకుంటే, నేను చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నవి ఇవి:

ఇసుక గానీ సన్న గులకరాళ్ళు గానీ అడుగున మూడంగుళాల మందాన ఉండాలి. వేళ్ళను ఇసుకలో దించండి గానీ ఆకులు పుట్టే మొవ్వ మాత్రం ఇసుక పైనే ఉండాలి. అది పూడితే కుళ్ళుతుంది.

కుళాయి నీళ్ళయితే బకెట్లో పట్టి ఒక రోజు కదపకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. మా బోరు నీళ్ళు కాచిన గిన్నెకు సున్నం పడుతుంది, అందుకని నేను సగం బోరువి, సగం కుళాయివి కలుపుతాను. ఆవిరై తగ్గిన నీళ్ళకు బదులు మాత్రం బోరు నీళ్ళు పోయను. పోస్తే సున్నం పేరుకుంటూ పోతుంది.

లైటు రోజుకు ఏడెనిమిది గంటలు చాలు. కిటికీ ఎండ తగిలేచోట తొట్టి పెడితే అద్దానికి పాకుడు పడుతుంది. నీళ్ళ వేడి 22 నుంచి 28 డిగ్రీల మధ్య దీనికి హాయి. ఎండాకాలం మూత తీసి చిన్న ఫ్యాను గాలి తగలనిస్తే కొంత చల్లబడుతుంది.

ఆకు భాష నేర్చుకోండి. కొత్త ఆకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము చాలలేదని. పాత ఆకుల్లో సూదితో పొడిచినట్టు చిల్లులు పడితే పొటాషియం తక్కువని. బయటి ముసలి ఆకులు పసుపుబారితే మొదట్లో కత్తెరతో కత్తిరించండి, లాగకండి.

గోల్డ్ ఫిష్‌లతో దీన్ని పెట్టకండి. అవి ఇసుక తవ్వి మొక్కను లేపేస్తాయి, ఆకులు కొరుకుతాయి. గప్పీలూ, టెట్రాలూ అయితే పేచీ లేదు.

ఏడాదిన్నర అయ్యాక మా మొక్క మధ్యలోంచి పొడుగాటి కాడ వేసింది. దాని కణుపుల దగ్గర పిల్ల మొక్కలు పుట్టాయి. విత్తనం వేస్తే తల్లి పోలిక రాకపోవచ్చు, సంకరం కదా. ఈ కాడ పిల్లలు మాత్రం అచ్చం తల్లే. రెండంగుళాల ఆకులూ, సొంత వేళ్ళూ వచ్చేదాకా ఆగి కోశాను. ఆగడం ఈపాటికి నాకు అలవాటైపోయింది.

రెండు పిల్లల్ని తడి గుడ్డలో చుట్టి స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని రైలెక్కాను. ఒకటి దారిలో పెనుకొండలో దిగి మా పెద్దక్కకిచ్చాను. కొండ కింద వాళ్ళిల్లు. పెనుకొండ కోట కట్టించిన రాజులకు కూడా మన ఊరి నీళ్ళ బాధ తెలుసుంటుందే, అందుకే అన్ని బావులు తవ్వించారు అంటుంది మా అక్క. బావగారి గాజు తొట్టిలో నాటి, “అక్కా, ఆకులు ఒకటి రెండు పోయినా పీకి చూడకు” అని పదిసార్లు చెప్పాను. నీళ్ళలో పుట్టిన పిల్ల కాబట్టి అంతగా పోలేదు కూడా.

రెండోది ధర్మవరంలో అమ్మకు. అక్కడ అక్వేరియం లేదు. మట్టి తొట్టిలో ఎర్రమట్టీ ఇసుకా వేసి, వేళ్ళు మునిగేటంత నీళ్ళు పోసి, మగ్గం గదిలో కిటికీ పక్కన నీడన పెట్టాం. బయటి ధర్మవరం ఎండకు మాడిపోయేదే. గుంట మగ్గం గదిలో తేమ ఉంటుంది కదా, బతికింది. కాకపోతే ఈసారి కథ తిరగబడింది. నీళ్ళలో పుట్టిన ఆకులు గాలికి వాడిపోయి, గట్టి కాడలతో గాలి ఆకులు వచ్చాయి. అమ్మ వాటిని చూసి, “మీ అత్తగారింటి ఆకులు రాలిపోయి పుట్టింటి ఆకులొచ్చినాయి చూడు” అని నవ్వింది.

నాకు నవ్వుతో పాటు ఇంకేదో కూడా వచ్చింది. పెళ్ళయిన కొత్తలో హిందూపురంలో ఆ ఇంట్లో ఏడాది పాటు నేనూ ఇలాగే ఉన్నాను. పలకరిస్తే ఏడుపు, అన్నం సయించేది కాదు. “ఈ పిల్లకు ఏ పనీ రాదు” అన్నారు అందరూ. ఒక్క మా అత్తగారు మాత్రం ఏమీ అనకుండా, రోజూ మధ్యాహ్నం నా కంచంలో ఒక చెంచా నెయ్యి ఎక్కువ వేసేది. ఎందుకు వేసేదో అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు.

మీ ఇంట్లో ఇప్పుడు ఆకులు రాలుస్తున్నది ఎవరో నాకు తెలియదు. కొత్త కోడలేమో, హాస్టలుకు పోయిన పిల్లేమో, ఉద్యోగం మారిన మీవారేమో. ఈ పూటకు వాళ్ళ వేరు పీకి చూడకండి. పక్కన ఒక ఎర్రమట్టి ఉండ పెట్టి, పోయి కరివేపాకుకు నీళ్ళు పోసి రండి.